గొడ్డు బాతుల సర్టిఫికెట్

పశువుల ఆసుపత్రుల్లో ముప్ఫై మూడేళ్ళు పనిచేశాను. అన్నేళ్ళలో సంతకం పెట్టి, సీలు వేసి, మళ్ళీ నేనే పోయి తప్పని ఒప్పుకుని వెనక్కి అడిగిన కాయితం ఒకే ఒక్కటి. అది ఎద్దుల గురించి కాదు, ఇన్సూరెన్సు గేదెల గురించీ కాదు. అయిదు బాతుల గురించి.

కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికొచ్చి "మీ సర్వీసులో గొప్ప కేసేదండీ?" అని అడుగుతుంటారు. గొప్ప కేసులు చెప్పడానికి వేరేవాళ్ళున్నారు. రిటైరైన ప్రతివాడి దగ్గరా ఒక డజను ఉంటాయి, ఏడాదికేడాది పెరుగుతుంటాయి కూడా. నేను పరువు పోయిన కేసు చెబుతాను, వినండి. మీకు అదే ఎక్కువ పనికొస్తుంది.

తొంభైల చివరి సంగతి. గుంటూరుకి పడమరగా, మిరప, పత్తి తప్ప ఇంకో మాట వినపడని ఊళ్ళో నాకు పోస్టింగు. అసలు డాక్టరుగారికి మూడు ఆసుపత్రులు ఇన్‌ఛార్జి. మంగళవారం వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు. నేను ఆయన కింద అసిస్టెంటుని. కానీ ఊరివాళ్ళకి ఆ తేడాలు పట్టవు. సూది పట్టుకున్నవాడల్లా డాక్టరే. నేనూ "కాదండీ, నేను అసిస్టెంటుని" అని ఒక్కనాడూ అనలేదు. అబద్ధమాడలేదు, నిజం చెప్పలేదు, అంతే.

నాకు తోడు ఒక అటెండరు. వయసులో నాకంటే పదేళ్ళు పెద్ద. పనికి బద్ధకం, మాటకి మాత్రం ఎప్పుడూ రెడీ. "ఏవయ్యా, గది ఊడ్చలేదే?" అంటే, "రేపు గాలొచ్చేట్టుంది సార్, అదే ఊడుస్తుంది" అనే రకం. అతని ఇల్లు ఊరి చివర, సాగర్ కాలవ గట్టు పక్కన. ఆ గట్టుని ఆనుకునే మన కథ జరిగిన ఇల్లు కూడా.

ఆ ఇంట్లో అత్తా కోడళ్ళు. కొడుకు మిరప లోడు లారీల మీద తిరిగేవాడు, ఇంట్లో కనపడేది తక్కువ. అత్తగారికి కోళ్ళంటే ప్రాణం. పన్నెండు పెట్టలు, ఒక పుంజు. పొద్దున్నే ఒక్కో పెట్టని పట్టుకుని, తోక ఎత్తి, చిటికెన వేలితో చూసి, "ఇది ఇయ్యాల పెడతది, దీన్ని గంప కింద ముయ్యి. ఇది పెట్టదు, వదిలెయ్" అని తీర్పు చెప్పేది. ఆవిడ వేలు ఎప్పుడూ తప్పేది కాదు. ఆ విద్యలో ఆవిడ ముందు నేను ఒకటో తరగతి.

కోడలు పొన్నూరు వైపు పిల్ల. అక్కడంతా వరి, కాలవలు, బాతులు. పెళ్ళై నాలుగేళ్ళు దాటింది. ఒకసారి పుట్టింటికెళ్ళి వస్తూ ఒక మగబాతు, అయిదు ఆడబాతులు గంపలో పెట్టుకుని బస్సెక్కింది. కండక్టరుతో గొడవపడి మరీ తెచ్చిందని ఊళ్ళో చెప్పుకునేవాళ్ళు. ఇక్కడ మెట్ట ఊళ్ళో బాతు అంటే అదో వింత. అత్తగారికి మొదటి రోజు నుంచే పడలేదు. "నీచు వాసన. తడి కాళ్ళేసుకుని మిరప కల్లంలోకి వస్తయ్యి. కాయ మీద మచ్చ పడిద్ది" అని రోజూ అరుపులే. అయినా ఎందుకు ఊరుకుందంటే, బాతులు గుడ్లు పెట్టేవి. ఇంత లావు గుడ్లు, రోజుకి నాలుగో అయిదో. గుడ్డు పెట్టేదాన్ని ఏ అత్తగారూ వెళ్ళగొట్టదు.

కోళ్ళూ బాతులూ ఒకే గూట్లో ఉండేవి. పైన దండెం మీద కోళ్ళు, కింద ఊక మీద బాతులు.

అట్టా ఉన్న ఇంట్లో నేను అడుగుపెట్టాను.

కోళ్ళకి కొక్కెర తెగులు రాకుండా టీకాలు వేస్తూ ఊరంతా తిరుగుతున్నాను. వాళ్ళింటికి వెళ్ళేసరికి ఎనిమిది దాటింది. గూడు తలుపు ఇంకా వేసే ఉంది. నిజానికి నాకదే మేలు, గూట్లో ఉంటే పట్టుకోవడం తేలిక. టీకాలు చకచకా అయిపోయాయి. నోరు మూసుకుని రావచ్చు కదా? రాలేదు. అరుగు మీద అత్తగారు, చుట్టుపక్కల ఆడవాళ్ళు నలుగురు నిలబడి చూస్తుంటే, నాకు ఉపన్యాసం ఇవ్వాలనిపించింది.

"గూడు తలుపు ఎవరు తీస్తారమ్మా రోజూ?"

"నేనేనండి" అంది కోడలు. "వంట చేసి, క్యారేజీ కట్టి, పత్తి తీతకి పోయేముందు తీస్తానండి."

"ఇంత పొద్దెక్కాకా? కోడి కూసిందంటే తలుపు తియ్యాలమ్మా! తెల్లారుజామున పురుగూ పుట్రా పైకి వస్తాయి, అప్పుడు తింటేనే పక్షికి బలం. ఎనిమిదింటి దాకా మూసిపెడితే గుడ్డెక్కడ పెడుతుంది?"

కోళ్ళకి ఆ మాట చాలావరకు నిజమే. బాతుల సంగతి నాకు తెలీదు. ట్రైనింగులో బాతుల మీద ఒక పాఠం ఉంది. ఆ పాఠం చెప్పే సారు ఆ వారం సెలవు పెట్టాడు, పరీక్షలో ఆ ప్రశ్న రాలేదు, నా బాతుల చదువు అక్కడితో సమాప్తం. కానీ గూట్లో ఉన్నవాటిలో మూడో వంతు బాతులేనన్న సంగతి ఉపన్యాసం ఊపులో నాకు గుర్తు రాలేదు.

అత్తగారికి మాత్రం పండగైంది. "విన్నావా? డాక్టరుగారు చెబుతున్నాడు! నేను మొత్తుకుంటే చెవిన పెట్టావా? రేపట్నుంచి నువ్వు ముట్టుకోబాకు, నేనే తీస్తా."

కోడలు ఏదో చెప్పబోయి నా మొహం చూసి ఆగిపోయింది. నాకది ఇప్పటికీ గుర్తుంది. అప్పుడు మాత్రం, పాపం సిగ్గుపడింది కాబోలు అనుకున్నాను. నా తెలివి అట్టా ఏడిసింది.

వారం తిరక్కుండానే అత్తగారు ఆసుపత్రికి వచ్చింది. "డాక్టరూ, బాతులు గుడ్లు మానేసినయ్."

"అన్నీనా?"

"అన్నీ. కోళ్ళు పెడతన్నయ్. ఇయ్యి మాత్రం తిని తిరగడమే."

నేను తల పంకించి, గుడ్డు పెంకు గట్టిపడాలంటే సున్నం కావాలి కదా అని, ఆల్చిప్పల పొడి రాసిచ్చాను. పదిరోజులు గడిచాయి. గుడ్డు లేదు. కడుపులో నట్టలుంటాయని నట్టల మందు పోశాను. గుడ్డు లేదు. విటమిన్ల సీసా ఇచ్చాను, నీళ్ళలో కలపమని. గుడ్డు లేదు. బాతులు మాత్రం నిగనిగలాడుతూ తయారయ్యాయి. నడుస్తుంటే పొట్ట నేలకి రాసుకునేది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా ఇంట్లో ఇంకో సంగతి మొదలైంది. ఒకరోజు పొద్దున్నే మా అటెండరు రెండు పెద్ద గుడ్లు పట్టుకొచ్చాడు.

"కాలవ గట్టున జమ్ములో దొరికినయ్ సార్. అడవి బాతులవి."

నేను గుడ్డుని ఎండకి పట్టి చూసి, నీలం జీర చూసి, మహా తెలిసినవాడిలా చెప్పాను. "అవునయ్యా. వలస పక్షులు. ఎక్కడో మంచు దేశాల నుంచి వస్తాయి. చలికాలం మన వైపు గుడ్లు పెడతాయి."

వలస పక్షులు ఇక్కడికి తిండికి వస్తాయి గానీ గుడ్లు పెట్టడానికి రావని, ఆ తర్వాత ఎప్పుడో చదివాను. మా అటెండరు మాత్రం భక్తిగా విని, "అంత దూరం నుంచి మనకోసం వస్తన్నయ్యంటే పుణ్యాత్ములు సార్" అన్నాడు.

ఇక అప్పట్నుంచి రోజూ రెండు, మూడు. మా ఆవిడ ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ కోసి, అట్టు వేసి పెట్టేది. కోడిగుడ్డు అట్టుకి దీనికి పోలికే లేదు, పెనం నిండా పొంగేది. నేను ఆ ఇంటి బాతులకి విటమిన్లు ఇచ్చిన వారం నుంచి అటెండరు తెచ్చే గుడ్లు మూడు నుంచి అయిదుకి పెరిగాయి. రెండు అతనికి, మూడు నాకు. మందు పనిచేస్తోంది, ఫలితం మా పెనం మీద కనిపిస్తోంది, నాకు మాత్రం కనపడలేదు. ఆ అట్టు తిని, మూతి తుడుచుకుని, నేరుగా ఆ ఇంటికి పోయి, "ఇంకా పెట్టట్లేదామ్మా? అయ్యో!" అని జాలిపడేవాణ్ణి.

రెండు నెలలు ఇట్టా జరిగింది. మిరప కోతలు ముమ్మరంగా ఉన్నాయి, కల్లాలన్నీ ఎర్రగా పరుచుకుని ఉన్నాయి. ఒక శనివారం మధ్యాహ్నం అత్తగారు కబురు పెట్టింది. వెళ్ళాను.

"డాక్టరూ, రేపు ఆదివారం మా అల్లుడొస్తన్నాడు. ఈ గొడ్డు బాతుల్ని కోసేస్తన్నా. నువ్వొక కాయితం రాసియ్యి."

"కోసుకోడానికి కాయితం ఎందుకండీ?"

"ఎందుకేందయ్యా? రేపు దీని పుట్టింటోళ్ళొచ్చి, మా పిల్ల తెచ్చుకున్న బాతుల్ని కోసుకు తిన్నారని పంచాయితీ పెడితే? ఇయ్యి గొడ్డువని, ఇంక గుడ్డు పెట్టవని, సర్కారు కాయితం మీద సీలేసి ఇయ్యి. పెట్టేవాటిని నేనెందుకు కోస్తా? గొడ్డుదాన్ని ఎన్నాళ్ళని మేపుతారు ఎవరైనా?"

కోడలు కల్లం పక్కన రంగుపోయిన తాలుకాయలు ఏరుతోంది. అత్తగారు 'గొడ్డు' అన్న ప్రతిసారీ ఆ పిల్ల చెయ్యి ఆగేది. మళ్ళీ ఏరేది. మళ్ళీ ఆగేది. నాకు అర్థమైంది. ఆ మాట బాతులకే కాదని అక్కడున్న కోళ్ళకి కూడా అర్థమయ్యే ఉంటుంది. పిల్ల లేచి నా దగ్గరకొచ్చి, చిన్న గొంతుతో, "ఒక్కసారి సరిగ్గా చూడండి డాక్టరుగారూ. మా ఇంటి దగ్గర ఇవి ఏడాది పొడుగునా పెట్టేయండి. ఇవి తప్ప నాది అనేది ఈ ఇంట్లో ఏదీ లేదండి" అంది.

నేను సరిగ్గానే చూశాననుకున్నాను. ఒక్కో బాతునీ పట్టుకుని, అత్తగారి పద్ధతిలోనే తోక ఎత్తి వేలితో చూశాను. టైము మధ్యాహ్నం రెండున్నర. ఒక్కదాని కడుపులోనూ గుడ్డు తగల్లేదు. ఎట్టా తగులుతుంది? పొద్దున పెట్టేసిన గుడ్డు అప్పటికే మా ఇంట్లో అట్టైపోయింది.

ఇంకోటి కనపడింది. గూట్లో కోళ్ళు పొడిచాయో ఏమో, రెండు బాతులకి తోక కింద పుండ్లు పడ్డాయి. వృత్తిధర్మం కదా, రేపు కోసేవాటికైనా సరే, సంచీలోంచి ఊదారంగు మందు సీసా తీసి దట్టంగా పూశాను. ఆ మందు సంగతి మీకు తెలుసు. వేలికి అంటితే వారం పోదు.

తర్వాత అరుగు మీద కూర్చుని కాయితం రాశాను. "ఈ దినము స్వయముగా పరీక్షించగా, పై అయిదు ఆడ బాతులు గుడ్లు పెట్టు స్థితిలో లేవనియు, ఇక ముందు పెట్టు అవకాశము లేదనియు ధ్రువీకరించడమైనది." సంతకం. సంచీలో ఎప్పుడూ సీలు ఉండేది, అదీ వేశాను. అత్తగారు చదువుకోలేదు, కానీ సీలు చూసి తృప్తిగా మడిచి బొడ్లో దోపుకుంది. కోడలు నా వైపు చూడలేదు. వంగి కాయలు ఏరుతూనే ఉంది. సిగ్గుపడాల్సింది అక్కడ నేను. కానీ నాకు ఇంటికి పోవాలన్న తొందర తప్ప మరేం లేదు.

ఆదివారం పొద్దున ఏడు గంటలకి మా అటెండరు వచ్చాడు. వంటగది గుమ్మంలో మూడు గుడ్లు పెట్టి పోబోతుంటే మా ఆవిడ పిలిచింది.

"ఇదేంటయ్యా? గుడ్డుకి రంగేంటి?"

నేను పళ్ళు తోముకుంటూ వచ్చి చూశాను. మూడింటిలో రెండు గుడ్లకి ఒక పక్కగా ఊదారంగు మచ్చ. నా వేలు చూసుకున్నాను. అదే రంగు. నోట్లో బ్రష్షు అట్టాగే ఉండిపోయింది.

మా ఆవిడ పెద్ద చదువు చదవలేదు గానీ, లెక్క తప్పదు. "అడవి బాతులకి ఊదారంగు మందు ఎవరు పూశారండీ?" అంది. మళ్ళీ తనే, "ఆ ఇంట్లో బాతులు గుడ్లు మానేసింది ఎప్పుడన్నారు?"

"టీకాలేసిన వారం."

"మనింటికి గుడ్లు రావడం మొదలైంది?"

"... అదే వారం."

"ఆ వారం మీరక్కడ ఏం చేశారు?"

"ఏం చెయ్యలేదు. టీకాలేశాను. తెల్లారుజామునే తలుపు తియ్యమన్నాను..." అంటూ అక్కడ ఆగిపోయాను. ఎనిమిదింటికి తీసినన్నాళ్ళూ గుడ్లు గూట్లోనే దొరికాయి, అంటే బాతులు తెల్లారాక పెడతాయి. తలుపు చీకటితో తీస్తే? బయటికి పోయి పెడతాయి. బయట అంటే కాలవ గట్టు. ట్రైనింగులో తప్పిపోయిన పాఠం ముప్పావు నిమిషంలో వంటగది గుమ్మంలో పూర్తయింది.

మా ఆవిడకి ఇంకో అనుమానం వచ్చింది. అటెండరు వైపు తిరిగి, "అసలు రోజూ అంత పొద్దున్నే నువ్వు కాలవ గట్టుకి ఎందుకు పోతావు?" అంది.

"ఎందుకేందమ్మా, అందరూ ఎందుకు పోతారో అందుకే."

"మరి గుడ్లు ఎందులో పెట్టుకొస్తావు?"

అతను మొదటిసారి తడబడ్డాడు. చేతిలో ఉన్న రేకు డబ్బా వెనక్కి దాచుకున్నాడు. "కడుగుతానమ్మా... పోయేటప్పుడు నీళ్ళు, వచ్చేటప్పుడు గుడ్లు..."

మా ఆవిడ పెనం తీసుకెళ్ళి పెరట్లో విసిరేసింది. రెండు నెలల అట్లు ఒక్కసారిగా నా గొంతులోకి వచ్చాయి. కానీ దానికి టైము లేదు. అల్లుడొచ్చే రోజు. రంగు గుడ్లు రెండూ చొక్కా జేబులో వేసుకుని, లుంగీ మీదే మోపెడ్ ఎక్కాను. వెనక నుంచి అటెండరు అరుస్తున్నాడు, "నాకేం తెలుసు సార్! గుడ్డు మీద పేరు రాసుంటుందా?"

ఆ గతుకుల రోడ్డు మీద, కల్లాల మధ్య నుంచి, నా మోపెడ్ అంత వేగంగా ఎప్పుడూ పోలేదు. కాలవ మలుపులో ఒక గుంట దగ్గర ఎగిరిపడ్డాను. జేబులో చల్లగా తగిలింది. చూసుకుంటే ఒక గుడ్డు పోయింది, సొన చొక్కా మీదుగా లుంగీ దాకా కారుతోంది. రెండోదాన్ని చేత్తో అదిమి పట్టుకుని, ఒంటి చేత్తో నడిపాను.

నేను వెళ్ళేసరికి వాకిట్లో కత్తిపీట వేసి ఉంది. రెండు బాతుల కాళ్ళు కట్టేసి ఉన్నాయి. రోట్లో మసాలా నూరి పెట్టారు. అల్లుడు మంచం మీద కూర్చుని టీ తాగుతున్నాడు. కోడలు గూడు దగ్గర గోడకి ఆనుకుని, మొహం అటు తిప్పుకుని నిలబడింది.

"ఆగండి! ఆగండి!" అని మోపెడ్ స్టాండు వెయ్యకుండానే దూకాను. అది కాస్తా పడిపోయింది.

"ఏంది డాక్టరూ, కూర ఇంకా పొయ్యెక్కనే లేదు, అప్పుడే వాసనొచ్చిందా?" అంది అత్తగారు.

గుడ్డు తీసి చూపించాను. "ఇది మీ బాతు గుడ్డే. చూడండి, నేను పూసిన మందు."

ఆవిడ గుడ్డు చూసింది, నా చొక్కా చూసింది. "నిన్న పెట్టవంటివిగా?"

"నిన్న చెప్పింది తప్పండి."

"సీలేసిన కాయితం తప్పా?"

"సీలు కరెక్టేనండి. నేనే తప్పు."

"మరి గుడ్డు నీకెక్కడిది?"

ఇక్కడే దొరికిపోయాను. "కాలవ గట్టునండి. మా అటెండరు... రోజూ తెస్తాడు."

"రోజూనా? ఎన్నాళ్ళ బట్టి?"

"రెండు నెలలై ఉంటుంది."

"తెచ్చి ఏం చేశారు?"

చుట్టూ జనం పోగయ్యారు. అబద్ధం చెప్పే ఓపిక లేదు. "అట్టు" అన్నాను.

వాకిలంతా గొల్లుమంది. అల్లుడికి టీ పొలమారింది. అత్తగారు మాత్రం నవ్వలేదు. నడుం మీద చేతులేసుకుని, "ఓరి నీ తస్సదియ్యా! మందు పోసింది నువ్వు, గొడ్డువని కాయితం రాసింది నువ్వు, గుడ్లు మింగింది నువ్వూనా!" అంది. ఆవిడ చెప్పిందాంట్లో ఒక్క ముక్క తప్పు లేదు.

తర్వాత విషయం చెప్పాను. బాతులు తెల్లవారి పొద్దెక్కేలోపు పెడతాయని, మనం చీకటితో తలుపు తీస్తే కాలవకి పోయి జమ్ములో పెడుతున్నాయని, రేపు ఎనిమిదింటి దాకా గూడు తలుపు తియ్యకుండా చూడమని.

"రేపు గుడ్లు లేకపోతే?"

"నన్ను కొయ్యండి."

"నిన్ను కోస్తే ఏవొస్తది, ఎముకలు" అంది. కానీ బాతుల కాళ్ళ తాడు విప్పింది. అల్లుడు మెల్లిగా, "అయితే ఇయ్యాల మరి కూర?" అన్నాడు. వచ్చిన అల్లుడికి పప్పు పెట్టలేరు కదా. పుంజుని కోశారు. ఆవిడ రోజూ గూడు తలుపు తీసేది ఆ పుంజు కూత మీదే. దాని నోరు దానికి చేటైంది, నాకు జరిగినట్టే.

సోమవారం ఆరింటికే వెళ్ళాను. నాకంటే ముందు కోడలు లేచి, గూడు తలుపుకి వీపు ఆనించి నేల మీద కూర్చుని ఉంది. లోపల కోళ్ళు గోల, బాతులు అంతకు రెండింతలు గోల. అత్తగారి చెయ్యి గొళ్ళెం మీదకి పోతూ ఉంది. నాలుగేళ్ళలో ఎన్నడూ ఎదురు చెప్పని ఆ పిల్ల, "ఉండండత్తయ్యా. ఎనిమిది కానివ్వండి" అంది. అత్తగారు నా వైపు చూసింది. నేను ఆకాశం వైపు చూశాను.

ఎనిమిదయ్యేసరికి వీధి ఆడవాళ్ళంతా పత్తి తీతకి పోకుండా అక్కడే ఉన్నారు. తలుపు తీశారు. కోళ్ళు వచ్చాయి. మగబాతు వచ్చింది, వెనకే నాలుగు ఆడబాతులు. కోడలు వంగి ఊకలో చెయ్యి పెట్టి ఒక్కోటీ తీసింది. ఒకటి. రెండు. మూడు. నాలుగు. రెండిటికి ఊదా మచ్చ.

అత్తగారు అంత తేలిగ్గా ఒప్పుకునే మనిషి కాదు. లోపలికి తొంగి చూసి, "అయిదోది లోపలే కూర్చుంది. అది మాత్రం గొడ్డే" అంది.

"దాన్ని కదిలించబాకండి" అంది కోడలు. గొంతు పెద్దది చేసి అనలేదు, కానీ అందరికీ వినపడింది. "దానికి టైము పడుతుంది. పట్టనీండి."

నిలబడ్డాం. గవర్నమెంటు ఉద్యోగినైన నేను, వీధి జనం, అత్తగారు, అందరం ఒక బాతు కోసం నిలబడ్డాం. ఎంతసేపో చెప్పలేను, నాకైతే యుగమే. చివరికి ఆ మహాతల్లి తోక విదిలించుకుంటూ బయటికొచ్చింది. కోడలు ఊకలోంచి గుడ్డు తీసి చూపించింది. ఇంకా వెచ్చగా ఉందని పక్కావిడ చేతికి ఇచ్చింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బాతు గుడ్డు చూసి ఏడ్చినవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

"మా అమ్మ పొద్దెక్కేదాకా తలుపు తీసేది కాదండి" అంది ఆ పిల్ల.

"మరి ఆ మాట మొదటి రోజే చెప్పకపోయావామ్మా?"

"చెబుదామనే అనుకున్నానండి. మీరు అడగలేదుగా."

అత్తగారు బొడ్లోంచి కాయితం తీసి నా మీదకి విసిరింది. "ఇదిగో, నీ సీలు నువ్వు పట్టుకుపో." నేను వంగేలోపు కోడలు దాన్ని అందుకుంది. మట్టి దులిపి, మడత పెట్టింది.

"ఇటివ్వమ్మా, చింపేస్తాను. తప్పు కాయితం అది" అన్నాను.

"తప్పు కాయితమనే ఉంచుకుంటానండి. పోయినేడు టౌన్లో ఒక డాక్టరమ్మ నాక్కూడా ఇట్టాంటిదే ఒకటి రాసిచ్చింది. పెట్టెలో ఉంది. దాని పక్కన పెట్టుకుంటా."

నేను నా ఊదారంగు వేలు చూసుకుంటూ నిలబడ్డాను. అత్తగారు కాసేపు కోళ్ళకి గింజలు చల్లుతున్నట్టు నటించింది, చేతిలో గింజలు లేవు. తర్వాత, "ఆ గుడ్లు లోపల పెట్టవే, ఎండ తగులుద్ది. నువ్వు ఇయ్యాల తీతకి పోబాకు, రెండు గుడ్లు అట్టేసుకు తిను" అంది. ఆ గొంతు అంత మెత్తగా ఉండటం నేనెప్పుడూ వినలేదు.

ఆర్నెల్లకి నాకు అక్కణ్ణుంచి ట్రాన్స్‌ఫరైంది. ఆ పిల్ల సంగతి తర్వాత ఏమైందని అడక్కండి, నాకు తెలీదు. తెలియని దాన్ని తెలుసని చెప్పే అలవాటు ఆ వాకిట్లోనే వదిలేసి వచ్చాను. ఇంకోటి కూడా వదిలేశాను. ఆ తర్వాత రిటైరయ్యేదాకా గేదెకైనా, కోడికైనా, బాతుకైనా "ఇక ముందు అవకాశము లేదు" అన్న మాట ఏ కాయితం మీదా రాయలేదు. "నేను పరీక్షించిన వేళకు కనపడలేదు" అని రాసేవాణ్ణి.

ఒకసారి పై ఆఫీసరు పిలిచి కోప్పడ్డాడు కూడా. "ఇదేం సర్టిఫికెటయ్యా, సగం సగం? ఉందో లేదో తేల్చి రాయొచ్చుగా?"

"నేను పోయింది మధ్యాహ్నం సార్" అన్నాను.